బెత్తెడు మీద ఒక వేలు

స్కాను కాగితం మీద ఎన్ని ఇంగ్లీషు మాటలున్నా నా కళ్ళు అంకెల దగ్గరికే పోతాయి. ముప్పై ఏళ్ళుగా లెక్కలు చెప్పి బతుకుతున్నవాణ్ణి, ఆ అలవాటు ఎక్కడికి పోతుంది? ఆ రోజు డాక్టరు బల్ల మీద రెండు కాగితాలు పక్కపక్కన ఉన్నాయి. ఫిబ్రవరిలో తీయించిన దాంట్లో మా అక్క మెడ కింద గడ్డ రెండున్నర సెంటీమీటర్లు. ఈస్టరు వెళ్ళాక తీయించిన దాంట్లో ఐదు.

“రెట్టింపయిందండీ మాస్టారూ,” అన్నాడు డాక్టరు. చిన్నవాడు, మర్యాదస్థుడు. నాకు అర్థం కాలేదేమోనని వేళ్ళతో కూడా చూపించాడు. “అప్పుడు ఉసిరికాయంత ఉందనుకోండి, ఇప్పుడు నిమ్మకాయంత.”

మనవాళ్ళు గడ్డల్ని కాయలతో తప్ప కొలవరు. రేగిపండంత, ఉసిరికాయంత, నిమ్మకాయంత అని చెబితే వినేవాళ్ళకి కాస్త తేలిగ్గా ఉంటుందని కాబోలు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. రెట్టింపేమిటి? ఒక పక్క రెట్టింపయిన గడ్డ మిగతా పక్కల్లో మర్యాదగా ఊరుకుంటుందా? పొడవు రెట్టింపు, వెడల్పు రెట్టింపు, లోతు రెట్టింపు. రెండు రెళ్ళు నాలుగు, రెండు నాలుగులు ఎనిమిది. పెట్టెలా ఉన్నా బంతిలా ఉన్నా ఈ లెక్క మారదు. ఆయన చెప్పిన ఉసిరికాయలే తీసుకుంటే మా అక్క మెడలో ఇప్పుడున్నవి రెండు కాదు, ఎనిమిది.

ఇది డాక్టరుకి తెలియదని కాదు. ఆయన కాగితంలో ఉన్నది ఉన్నట్టు చదివాడు. ఎనిమిది రెట్లు కదండీ అని నేనే అడగలేదు. అడిగితే అవునంటాడని భయం వేసింది.

బయట వరండాలో ఇనప కుర్చీలో అక్క కూర్చుని ఉంది. ఒళ్ళో గుడ్డసంచీ, సంచీలో మజ్జిగ సీసా. నేను తలుపు తీసుకుని రావడం చూసి లేవబోయి, మళ్ళీ కూర్చుంది.

“ఏవంటన్నాడ్రా?”

“ఏం లేదక్కా. రెండున్నర సెంటీమీటర్లు పెరిగిందంట. అంతే. ఈ వారమే మందు మొదలుపెడదామన్నారు.”

“సెంటీమీటరంటే ఎంతరా?”

నా చిటికెన వేలి గోరు చూపించాను. “ఇదిగో, ఇంత.”

“అంతేనా,” అంది. మజ్జిగ సీసా మూత తీసి నా చేతికిచ్చింది. “తాగు. పొద్దుట్నించీ ఏం తినలా నువ్వు.”

నేను చెప్పినదాంట్లో అబద్ధం ఒక్క ముక్క లేదు. ఐదులోంచి రెండున్నర పోతే రెండున్నరే. రెండో తరగతి పిల్లాడు కూడా ఒప్పుకుంటాడు. తీసివేత చేసి చూపించి, హెచ్చవేత దాచేశాను. మజ్జిగ ఒక గుక్క తాగి సీసా మూత బిగించాను.

ఫిబ్రవరిలోనే మందు మొదలుపెట్టమని చెప్పారు. మేమే ఆగాం. అప్పటికి ఈస్టరు ముందు వచ్చే శ్రమకాలం వచ్చేసింది. నలభై రోజుల ఉపవాస ప్రార్థన అక్క ఒక్క ఏడూ వదిలిపెట్టలేదు. ఆడపిల్లల హాస్టల్లో రెండు వందల మందికి వంట చేస్తూ, తను మాత్రం సాయంత్రం దాకా పచ్చి మంచినీళ్ళ మీద ఉండేది. “ఈస్టరు కానీరా, నువ్వెక్కడికి రమ్మంటే అక్కడికొస్తా,” అంది. కాదు, రేపే పోదాం అని నేను గట్టిగా అంటే వినేది. చదువుకున్నవాణ్ణని నా మాటకి ఇంట్లో ఎప్పుడూ విలువ ఎక్కువే. కానీ నాకు పదో తరగతి పిల్లల పరీక్షలు నెత్తి మీద ఉన్నాయి. అసలు సంగతి అదీ కాదు. ఆసుపత్రి మెట్లు ఎక్కాలంటే నాకు కాళ్ళు రావు, ఆవిడ ప్రార్థన నాకు సాకుగా దొరికింది. తాటిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసం అన్నాట్ట ఎవడో. “రెండున్నర సెంటీమీటర్లే కదా, తొందరేముందిలే,” అని నా నోటితో నేనే అన్నాను. లెక్కల మాస్టారు అయివుండీ అన్నాను.

ఆ రోజు ఆటోలో భవానీపురంలో మా ఇంటికి వస్తుంటే దారిలో కాలువ ఎండిపోయి ఉంది. ఏప్రిల్లో కాలువలు కట్టేస్తారు కదా, అడుగున బురద నెర్రెలు విచ్చి, ప్లాస్టిక్ కవర్లు అంటుకుపోయి ఉన్నాయి. అక్క అటువైపే చూస్తూ కూర్చుంది. నేను ఇటువైపు చూశాను. ఆ బురద వంక ఆవిడ పక్కన కూర్చుని చూసే ధైర్యం నాకు లేకపోయింది. ఎందుకంటే ఎనిమిది అన్న లెక్క నాకు నేర్పింది బడి కాదు, అలాంటి కాలువ అడుగున నిలబెట్టి మా అక్కే నేర్పింది.

మాది కిందికి, డెల్టాలో పిల్లకాలువ పక్కన ఉన్న ఊరు. అమ్మా నాన్నా కూలికి వెళ్ళేవాళ్ళు. అక్క నాకంటే ఎనిమిదేళ్ళు పెద్దది. పదో తరగతి సగంలో అమ్మకి జబ్బు చేస్తే బడి మానేసింది, మళ్ళీ వెళ్ళలేదు. లెక్కల్లో మా పేటలో ఆవిడని మించినవాళ్ళు లేరు. ఆ సంగతి నాకు అప్పట్లో తెలియదు, ఆవిడ చెప్పుకోలేదు.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా లెక్కల మాస్టారు నన్ను లేపి రెండు ఘనం ఎంత అని అడిగారు. రెండు నెత్తి మీద మూడు చిన్నగా వేసి ఉంది కదా, రెండు మూళ్ళు ఆరు అనుకుని ఆరు అన్నాను. క్లాసంతా నవ్వింది. ఆయన వదల్లేదు. ఘనానికి పక్క రెట్టింపయితే ఘనపరిమాణం ఎంతవుతుందిరా అన్నారు. రెట్టింపవుతుందండీ అన్నాను. బెత్తంతో రెండు వేసి బెంచీ ఎక్కించారు. ఇంటికొచ్చి, ఇంక బడికి పోను, నాన్నతో కూలికి పోతాను అని మంచంలో బోర్లా పడుకున్నాను.

అక్క బతిమాలలేదు. జబ్బ పుచ్చుకుని లేపి కాలువ దగ్గరికి తీసుకుపోయింది. కాలువ కట్టేసిన రోజులు. అడుగున నల్లటి బంకమట్టి, మీద ఎండినా లోపల తడిగా ఉంది. నాన్న గాలం వేసే దారం వెంట తెచ్చింది. గట్టు మీద మట్టి ముద్ద పెట్టి, అరచేత్తో చరిచి, దారంతో నాలుగు వైపులా, పైనా కోసింది. ఎటు చూసినా బెత్తెడు. బెత్తెడంటే బొటనవేలు వదిలేసి మిగతా నాలుగు వేళ్ళ వెడల్పు. సబ్బుబిళ్ళ కంటే కాస్త పెద్దగా, అన్ని పక్కలూ సమంగా, ముచ్చటగా ఉంది.

“ఇది ఒకటి. దీనికి పక్క రెట్టింపు ఉండే పెట్టె చెయ్యి.”

నేను కిందికి దిగి ఇంకో ముద్ద తెచ్చి, కోసి, దాని పక్కన పెట్టాను. “ఇదిగో.”

“ఇది పెట్టెట్రా? గడపలాగా ఉంది. పొడుగొక్కటే రెట్టింపయింది. వెడల్పో?”

ఇంకో రెండు తెచ్చాను. నాలుగయ్యాయి.

“ఇప్పుడు పీట అయింది. ఎత్తో?”

అప్పుడు అర్థమైంది, ఇంకా నాలుగు తేవాలని. ముద్ద బరువు కాదు గానీ, గట్టు ఎక్కడం దిగడం, ఎండ, కాలు జారడం. ఆరో ముద్ద దగ్గర కూలబడి ఏడుపందుకున్నాను. రెండు ముద్దలు నువ్వు తేవొచ్చు కదే అన్నాను. “నేను మోస్తే నాకొస్తది, నీకు రాదు,” అంది అక్క. గట్టు మీదే కూర్చుంది, కదల్లేదు. ఎనిమిదోది పెట్టాక రెండు బెత్తెల పెట్టె తయారైంది. రెట్టింపంటే ఎనిమిదని నా కాళ్ళకి తెలిసింది. బుర్రకి తెలిసింది ఆ తరవాత.

ఆ వేసవంతా అదే ఆట. ముద్దలు మూడేసి పేర్చితే ఇరవై ఏడు. నాలుగేసి పేర్చితే అరవై నాలుగు. ఇక తిరగేసి అడిగేది. నూట ఇరవై అయిదు ముద్దలతో పెట్టె కడితే పక్కకి ఎన్ని ఉంటాయి? అయిదు. ఘనమూలం అన్న మాట ఆవిడ వాడలేదు, పుస్తకంలో అది కనబడినప్పుడు ఓస్ ఇదేనా అనుకున్నాను.

ఒకరోజు మాత్రం నన్ను చిత్తు చేసింది. “రెండు ముద్దలు కలిపి ఒకే పెట్టె చెయ్యాలి. పక్క ఎంతుంటది?” బెత్తెడున్నర అన్నాను. రెండు ముద్దల్నీ కలిపి పిసికి, చరిచి, మూలలు తీర్చి, వేళ్ళు ఆనించి కొలిచింది. బెత్తెడు మీద ఒక్క వేలు. నేను నమ్మలేదు. మళ్ళీ నేనే కొలిచాను. అంతే ఉంది.

“నాలుగు నాలుగులు పదహారు, పదహారు నాలుగులు అరవై నాలుగు. అయిదైదులు ఇరవై అయిదు, ఇరవై అయిదు అయిదులు నూట ఇరవై అయిదు. చూశావా, ఒక్క వేలు పెరిగితే మట్టి రెట్టింపు అవుద్ది.”

“అరవై నాలుగు రెళ్ళు నూట ఇరవై ఎనిమిది కదా,” అన్నాను, తప్పు పట్టే ఛాన్సు దొరికిందని. “మూడు తక్కువొచ్చింది.”

“ఆ మూడూ నీ గోళ్ళ సందున ఉన్నాయిలే, కడుక్కో పో,” అంది.

ఆ మట్టి పాఠం మీదే నా బతుకు లేచింది. గవర్నర్‌పేటలో ఒక సంచుల దుకాణం పైన గది అద్దెకి తీసుకుని ట్యూషన్ పెట్టినప్పుడు మొదటి పాఠంగా అదే చెప్పాను. ఇన్నేళ్ళలో ఎన్ని బ్యాచీలకి చెప్పానో లెక్క లేదు. ఒక్కసారి కూడా ఇది మా అక్క చెప్పిందర్రా అనలేదు. నా సొంత తెలివిలాగే చెప్పుకున్నాను. పెళ్ళయిన రెండేళ్ళకే భర్త పోయి, హాస్టల్లో వంటమనిషిగా చేరి, ముప్పై ఏళ్ళు పొయ్యి దగ్గరే ఉన్న మనిషికి ఇంకా అవి గుర్తుంటాయా అనుకునేవాణ్ణి. రిటైరయ్యాక మా డాబా మీద గదిలో ఉంటోంది. చదివేది బైబిలు ఒక్కటే. బ్యాంకు కాగితం వస్తే నా చేతికిచ్చి ఎక్కడ సంతకం పెట్టాలిరా అంటుంది. సెంటీమీటరంటే ఎంతరా అని కూడా అడిగింది. మరిచిపోయిందనే అనుకున్నాను. అలా అనుకోవడం నాకు అవసరం కూడా.

ఆ స్కాను మర్నాడు క్లాసుకి వెళ్ళాను. వేసవి బ్యాచ్, తొమ్మిదిలోకి వచ్చే పిల్లలు. ఖర్మ కాలి ఆ రోజు పాఠం క్యూబ్సూ క్యూబ్ రూట్సూనే. బోర్డు మీద పెట్టె గీశాను. పక్క ఎంత వేద్దామా అనుకుంటుంటే చెయ్యి దానంతటదే 2.5 అని వేసింది. ఆ అంకె చూస్తూ అలా నిలబడిపోయాను. కింద ఆటోలు హారన్లు కొడుతున్నాయి. ముందు వరసలో ఒకమ్మాయి లేచింది.

“సార్, సైడ్ డబులైతే వాల్యూమ్ కూడా డబులే కదా సార్?”

ఏటా ఎవరో ఒకరు అడిగే ప్రశ్నే. ఏటా నేను నవ్వి, రెండు సుద్దముక్కలు టేబులు మీద పెట్టి మొదలుపెడతాను. ఆ రోజు ఆ పిల్ల మొహంలోకి చూస్తే కాదని చెప్పడానికి నోరు రాలేదు.

“అవునమ్మా,” అన్నాను. “డబులే.”

ముప్పై మంది పిల్లలూ తలలు వంచుకుని నోట్సులో రాసుకున్నారు. ఎవరూ అనుమానపడలేదు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు, అంతకంటే లోకువైపోయారు పాపం. నేను మెట్లు దిగి వెళ్ళి టీ బండి దగ్గర నిలబడ్డాను.  

మర్నాడు మొట్టమొదట ఆ మాటే ఎత్తాను. “నిన్న నేను తప్పు చెప్పాను. కొట్టెయ్యండి. డబుల్ కాదు, ఎయిట్ టైమ్స్,” అన్నాను. పిల్లలు ఉత్సాహంగా కొట్టేశారు. మీరు కూడా తప్పు చేస్తారా సార్ అని వెనకనుంచి ఒకడు అడిగితే చేస్తాన్రా అన్నాను. ముప్పై మందికి దిద్దడానికి ఒక్క నిమిషం పట్టింది. డాబా మీద గదిలో ఉన్న ఒక్క మనిషికి మాత్రం దిద్ది చెప్పలేకపోయాను. మా ఆవిడ అడిగినా అదే మాట చెప్పాను, రెండున్నర పెరిగిందట అని. ఎలా పెరిగిందండీ మూడు నెలల్లోపే అని ఇంకేదో అడగబోతే కసిరాను.

మందు మొదలైంది. ఇరవై ఒక్క రోజులకొకసారి సూది. పొద్దున్న తీసుకెళ్ళి కుర్చీలో కూర్చోబెడితే సాయంత్రం దాకా చుక్కలు చుక్కలుగా ఎక్కించేవాళ్ళు. రెండోదానికల్లా జుట్టంతా ఊడిపోయింది. చర్చిలో ప్రార్థనకి వేసుకున్నట్టే ఇంట్లోనూ తలమీదుగా కొంగు వేసుకునేది. అన్నిటికంటే నాలిక చచ్చిపోవడం ఆవిడని బాధపెట్టింది. వాసన చూసి పప్పులో ఉప్పు సంగతి చెప్పే మనిషి, గంజి నోట్లో పెట్టుకుని, “ఇది ఉప్పా చప్పనా చెప్పరా,” అని నన్ను అడిగేది. నేను రుచి చూసి సరిపోయింది అనేవాణ్ణి. అది కూడా సగం సార్లు అబద్ధమే, నాకూ ఏమీ తెలిసేది కాదు.

ఆవిడ మంచం పక్కన కూర్చుని చెయ్యగలిగింది నాకేమీ లేదు. వాంతి వస్తే గిన్నె పట్టుకునేవాణ్ణి. మిగతా వేళంతా నోటుబుక్కులో లెక్కలు వేసేవాణ్ణి. నాలుగు పాయింటు తొమ్మిది ఘనం ఎంత, నాలుగు పాయింటు ఎనిమిది ఘనం ఎంత. ఇవాళ ఇంత తగ్గివుంటే, రేపు ఇంత తగ్గితే. ఎవరూ కొలవని గడ్డకి రోజూ నేను ఒక కొలత వేసేవాణ్ణి. పిచ్చిపని అని తెలుసు. పెన్ను కిందపెడితే ఏడుపొచ్చేది, అందుకని రాస్తూనే ఉండేవాణ్ణి.

“ఏం రాస్తన్నావ్‌రా అంతసేపు?” అంది ఒకరోజు.

“పిల్లలకి లెక్కలక్కా.”

బుక్కు తీసుకుని చూసింది. చాలాసేపు చూసింది. తిరిగి ఇచ్చేస్తూ, “నీ రాత ఇంకా కోడి గీకినట్టే ఉంది,” అంది.

మూడు సూదులయ్యాక జులైలో మళ్ళీ స్కాను తీశారు. ఆ పొద్దున మెట్లు దిగుతూ మధ్యలో ఆగి, గోడ పట్టుకుని నిలబడి అక్క ఒక మాట చెప్పింది.

“ఒరే, ఇయ్యాళ బాగా తగ్గిందంటే ఇంకో మూడు పొడిపించుకుంటా. ఏదో కాస్త తగ్గిందంటే మాత్రం ఇంక చాలు. నా వల్ల కాదు. నన్ను బలవంతం చెయ్యబాక.”

ఆవిడ బతిమాలే మనిషి కాదు. ఆ గొంతులో బతిమాలడం వినిపించింది. సరే అన్నాను.

డాక్టరు కాగితం నా వైపు తిప్పాడు. “ఐదు నుంచి నాలుగుకి వచ్చిందండీ. ఒక సెంటీమీటరు తగ్గింది. ఆపొద్దు, ఇంకో మూడు డోసులు ఇచ్చి చూద్దాం.” మొహంలో సంతోషమూ లేదు, దిగులూ లేదు.

ఒక సెంటీమీటరు. నేను మాత్రం మనసులోనే లెక్క కట్టాను. ఐదు ఘనం నూట ఇరవై అయిదు. నాలుగు ఘనం అరవై నాలుగు. సగం! గడ్డలో సగం పోయింది! కుర్చీలోంచి లేచి, డాక్టరు చెయ్యి పట్టుకుని ఊపి, తలుపు తోసుకుని బయటికి వచ్చాను. అక్కా సగం పోయిందే అని వరండా అంతా వినబడేలా అరుద్దామనుకున్నాను.

రెండడుగులు వేశానో లేదో, కాళ్ళు ఆగిపోయాయి. చెప్పేదెలా? ఒక సెంటీమీటరు తగ్గితే సగం పోవడమేమిట్రా అంటుంది. పొడవూ వెడల్పూ లోతూ మూడూ తగ్గాయి కదక్కా అని చెప్పాలి. అలా అయితే పెరిగినప్పుడు కూడా మూడూ పెరిగాయి కదా అంటుంది. అప్పుడు ఎనిమిది రెట్లయిందని, ఆ సంగతి మూడు నెలలుగా దాచానని, ఫిబ్రవరిలో ఆగడం వల్ల ఎంత నష్టం జరిగిందో ఆ రోజే నాకు తెలుసని, అన్నీ బయటపడతాయి. చెప్పకపోతేనో, ఒక్క సెంటీమీటరేగా అని మందు మానేస్తుంది. మంచి కబురు నా నోట్లోనే ఉంది. దాన్ని చెప్పాలంటే నేను దాచిన చెడ్డ కబురు ముందు చెప్పాలి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఏమిటో అప్పుడు తెలిసింది.

“పదక్కా, ఆటోలో చెప్తాను,” అన్నాను.

ఆటోలో కూడా చెప్పలేదు. బెంజి సర్కిల్ దాటాం, సిగ్నళ్ళు దాటాం. కాలువలకి నీళ్ళు వదిలేశారు, ఎర్రటి నీళ్ళు ఒడ్డు దాకా ఉన్నాయి. అక్క అడగలేదు. సంచీ ఒళ్ళో పెట్టుకుని నా మొహం వంకే చూస్తోంది. ఫ్లైఓవర్ ఎక్కే ముందు ట్రాఫిక్‌లో ఆటో ఆగిపోయింది. ఇంక తప్పించుకునే దారి లేదు.

“ఒక సెంటీమీటరు తగ్గిందక్కా,” అన్నాను. 

“ఐదులో ఒకటా?”

“ఆఁ.”

అక్క తన కుడిచెయ్యి పైకెత్తి, అయిదు వేళ్ళూ చాపి చూసుకుంది. బొటనవేలు మడిచింది. సూదులకి నల్లబడిన నాలుగు వేళ్ళు మిగిలాయి.

“అయితే సగం పోయింది గదరా,” అంది. “దానికి ఏడుపు మొహం పెట్టావేంది?”

 ఎందుకో ఏమిటో, నాలోని దిక్కుమాలిన మాస్టారే ముందు మాట్లాడాడు. “సరిగ్గా సగం కాదక్కా. నూట ఇరవై అయిదులో సగం అరవై రెండున్నర. ఇంకా ఒకటిన్నర ఎక్కువుంది.”

“ఆ ఒకటిన్నర నీ గోళ్ళ సందున చూసుకో,” అంది. నవ్వబోయి దగ్గు తెరలో పడింది. వీపు నిమిరాను. కొంగు కింద ఎముకలు చేతికి తగిలాయి.

దగ్గు తగ్గాక అడిగాను. “నీకు అవన్నీ గుర్తున్నాయా?”

“మట్టి మోసినోడివి నువ్వు. లెక్క చెప్పింది నేను. ఎవరికి గుర్తుండాలంట?”

“మరి రెండున్నర కాస్తా ఐదైనప్పుడు…”

“ఎనిమిదింతలు. ఆ కుర్చీలో ఉండగానే తెలుసు. ముప్పై ఏళ్ళు గుండిగలు దించినదాన్నిరా. మా వార్డెనమ్మ ఒకసారి వెడల్పూ ఎత్తూ రెండింతలుండే గుండిగ కొనుక్కొచ్చి, రెండు గుండిగల పప్పు దీంట్లో వండమంది. ఎనిమిది పోస్తేగానీ నిండలా. అడుగున రెండు గుండిగల పప్పు మాడి చచ్చింది. నాకు తెలీదనుకున్నావా?”

“సెంటీమీటరంటే ఎంత అని అడిగావు కదే!”

“నువ్వేం చెప్తావో చూద్దామని అడిగా.” ఒళ్ళో సంచీ సర్దుకుంది. “గోరు చూపించావు. నీ మొహం చూస్తే ఇంక అడగబుద్ధి కాలా. చెప్పలేకపోతన్నాడు, పోనీలే అనుకున్నా.”

అంటే మూడు నెలలూ ఆవిడ దగ్గర నేను దాచలేదు. నా దగ్గరే ఆవిడ దాచింది. సూది మందు ఎక్కుతున్నప్పుడూ, జుట్టు ఊడుతున్నప్పుడూ ఎనిమిది అన్న అంకెని ఆవిడ ఒక్కతే మోసింది, నా మీద పడకుండా. నాకు ఏడుపు ఆగలేదు. ఆటో డ్రైవరు అద్దంలోంచి చూసి చూపు తిప్పుకున్నాడు.

“ఫిబ్రవరిలోనే నిన్ను లాక్కుపోవాల్సిందక్కా. నేనే పోనిచ్చాను.”

కాదని ఆవిడ అనలేదు. అంటుందని ఆశపడ్డాను, నిజం చెప్పాలంటే. “నేను ఆగుదామన్నా, నువ్వు ఆగావు,” అంది. “ఇప్పుడేం చేస్తాం.”

ట్రాఫిక్ కదిలింది. ఫ్లైఓవర్ మీద గాలికి కొంగు ఎగిరితే గట్టిగా పట్టుకుంది. నది అవతలి వైపు చూస్తూ, “మొదట ఉన్నదానికి ఇంకా నాలుగింతలుంది గదా?” అంది.

“ఆఁ. నాలుగింతలు.”

“సరే. ఆ మూడు సూదులూ పొడిపించుకుంటాలే.” మళ్ళీ నా వైపు తిరిగింది. “ఇంత లెక్క తెలుసు గదా నీకు. ఆ బుక్కు నిండా వేశావు గదా. నేనుంటానా, పోతానా? అది చెప్పు మాస్టారూ.”

ఎగతాళిగా అడగలేదు. ఎనిమిదో తరగతిలో నన్ను గట్టు మీద నిలబెట్టి అడిగినట్టే అడిగింది, జవాబు చెప్పేదాకా వదలను అన్నట్టు చూస్తూ. నా దగ్గరున్న సూత్రాలన్నీ ఒకసారి తడుముకున్నాను. ఉంటావు అనేద్దామని నోటిదాకా వచ్చింది.

“తెలీదక్కా,” అన్నాను.

“ఊఁ,” అంది. “ఇప్పుడు చెప్పావు.”

ఆ నాలుగు వేళ్ళ చెయ్యి నా మోకాలి మీద పెట్టి, ఇల్లు వచ్చేదాకా అక్కడే ఉంచింది.

మిగిలిన మూడు సూదుల్లో రెండు అయ్యాయి. వచ్చే నెల మళ్ళీ స్కాను. ఈసారి కాగితం ముందు తన చేతికే ఇవ్వాలని, తను చూశాకే నేను చూడాలని చెప్పింది. అంకె ఎంతైనా నీకు నేను చెప్తాలే, భయపడబాక అంది. సరే అన్నాను. నాకు చేతనయింది అంతే.